గొయ్యి లేని చోట

వాడరేవు రోడ్డు మీద ముందు తొక్కుతున్న పానకాలు చెయ్యి చాపి నేల చూపించాడు. గొయ్యి ఉందని సైకిల్ క్లబ్బు వాళ్ల సైగ అది. వెనకాల వచ్చేవాళ్లు "చూశా!" అని కేకెయ్యాలి.

కొత్తగా చేరిన అఖిలకు రోడ్డు నున్నగా కనిపించింది.

"గొయ్యి ఏదీ బాబాయ్?"

పానకాలు సైకిలాపాడు.

"పూడ్చేశారమ్మా. పోయినేడాది ఉండేది. ఆరోజు చెయ్యి చూపించడం మరిచాను. వెనకే మా తమ్ముడు కోటేష్. పడ్డవాడు మళ్లీ లేవలేదు."

తిరిగొచ్చేటప్పుడు మిగతావాళ్లంతా ముందే దాటిపోయారు. సరిగ్గా అక్కడే పానకాలు మళ్లీ చెయ్యి చాపాడు.

"చూశా!" అఖిల గట్టిగా అరిచింది.

చాపిన చెయ్యి అలాగే ఉంది. వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"నీ వెనకాలవాడు చూశాడా?"

అందరికన్నా చివర వస్తున్నది అఖిలే. అయినా ఒకసారి వెనక్కి చూసింది.

"చూశాడు బాబాయ్."