ఎలుక ఇచ్చిన పూచీకత్తు

చనిపోతూ ఉడుత తన వేరుశెనక్కాయలన్నీ ఎలుకకు అప్పగించింది. "నా పిల్లలు పెద్దయ్యాక వాళ్లకిచ్చెయ్యన్నా. నిన్నెవరూ పూచీ అడగక్కర్లేదు," అంది.

వానలకు, ఎలుక ఆ కాయలు దాచిన బొరియలో చెమ్మ దిగింది. పిల్లలు బూజు పట్టిన కాయొకటి పట్టుకెళ్లి, తీర్పులు చెప్పే తాబేలు తాతకు మొరపెట్టుకున్నాయి.

"ఎలుకా, నీ కాయలు కూడా ఆ బొరియలోనే పెట్టు. పిల్లలవి పాడైతే నీవాటిలోంచి ఇవ్వాలి," అంది తాబేలు.

ఎలుకకు తల కొట్టేసినట్టయింది. "నేనేమన్నా దొంగనా తాతా? వాళ్లమ్మే నన్ను నమ్మింది!"

"దొంగవని ఎవరన్నారు నాయనా? నమ్మినావిడ చూసుకోవడానికి ఇప్పుడు లేదుగా."

ఎలుక గొణుక్కుంటూనే తన కాయలు మోసింది. మర్నాడు మబ్బు పట్టగానే పరుగున వెళ్లి, బొరియ పైకప్పులోని కన్నం మట్టితో పూడ్చింది. చేతులు దులుపుకుంటుంటే గుర్తొచ్చింది, ఆ కన్నం సంగతి తనకు నెల్నాళ్లుగా తెలుసు.