కమ్మీల మధ్య సందు

"మళ్ళీ వచ్చింది సార్ ఆవిడ," అన్నాడు అటెండరు.

"వచ్చిందా మహాతల్లి?" ఇంజనీరు కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. "పంపు. ఇవాళ్టితో పీడ వదిలిద్దాం."

తెర మీద అతను గీసిన చిన్న అల్యూమినియం వంతెన. నడిచేవాళ్ళ కోసం. కాలువ మీది పాత చెక్కవంతెన తీసేసి దీన్ని పెడతారు.

నలిగిన చీర, చేతిలో గుడ్డసంచీ. ఆమె తిన్నగా గోడకి ఆనించిన నమూనా రెయిలింగ్ దగ్గరికి వెళ్ళి, కమ్మీల మధ్య చెయ్యి భుజందాకా దూర్చింది.

"చూడండి బాబూ. చిన్నపిల్లలు ఇట్టే జారిపోతారు. ఇంకో రెండు కమ్మీలు వేయించండి."

"వంతెన అనుకున్నావా, కోళ్ళగూడు అనుకున్నావా?"

అటెండరు కిసుక్కున నవ్వాడు.

"ఆ పాత వంతెన మీద నా కళ్ళముందే ఒక పిల్ల..."

"అది చెక్క. ఇది అల్యూమినియం. చివకదు, తుప్పు పట్టదు. తేలిగ్గా, అందంగా ఉండాలి. నీకేం తెలుస్తుందిలే!"

"జారే పిల్లకి చెక్కయితేనేం, ఇదయితేనేం?"

అతనికి ఒళ్ళు మండింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే మణికట్టు మీద నెలవంకలాంటి మచ్చ కనిపించింది. మధ్యలో చిన్న ఖాళీ.

"ఏంటది, కుక్క కరిచిందా? ఎవరింట్లోనో ఇలాగే దూరి ఉంటావు."

ఆమె కొంగుతో మణికట్టు కప్పుకుంది. గుడ్డసంచీ సర్దుకుని వెళ్ళిపోయింది.

ప్రారంభోత్సవం నాడు వంతెన ఎండకి తళతళలాడింది. ఇంజనీరు మైకు అందుకున్నాడు.

అవతలి చివర గుడ్డసంచీ కనిపించింది. అటెండరుకి కనుసైగ చేసి, మైకులో మొదలుపెట్టాడు.

"కిందటేడు పాత వంతెన మీంచి మా అమ్మాయి కాలువలో పడిపోయింది. ఎవరో మహాతల్లి దూకి పైకి తీసింది. పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆమె దొరికుంటే ఇవాళ ఈ రిబ్బను ఆమె చేతే కోయించేవాణ్ణి!"

చప్పట్లు మోగాయి.

"తరిమేశాను సార్. ఇంక ఈ చుట్టుపక్కలకి రాదు," అని చెవిలో చెప్పాడు అటెండరు.

భార్య కూతుర్ని రెయిలింగ్ దగ్గర్నుంచి ఇవతలకి లాక్కుంది.

"ఈ సందులేమిటండీ, ఇంతింత?"

"అందం కోసంలే. ఆవిడెలా ఉంటుందో నీకేమైనా గుర్తుందా?"

"పిల్లని చూసుకున్నానే గానీ ఆవిడ మొహం చూశానా! పాపం, ఈ రాక్షసి భయంతో ఆవిడ మణికట్టు కొరికేసింది. నెత్తురు కారింది."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెబితే పిల్లని తిడతారని."

"నాన్నా, నువ్వూ తిను," అంటూ కూతురు తను కొరికిన ఆపిల్ అతని చేతిలో పెట్టింది.

ఎర్రటి తొక్క మీద పంటిగాటు నెలవంకలా పడింది. ముందుపళ్ళ సందు ఉన్నచోట మాత్రం ఆ గాటు తెగి, చిన్న ఖాళీ మిగిలింది.

ఆ గాటుని ఇంజనీరు అంతకుముందే ఒకసారి చూశాడు, కుక్క కాటు అన్నాడు.