ఇది మా కొండ ఆచారం

మసిపట్టిన గిన్నెను ఆమె బూడిదతో తోముతుంటే కెమెరా ముక్కుకు తగిలేంత దగ్గరికి వచ్చింది. పీచు చేతిలో అలాగే పట్టుకొని ఆమె మొగుడి వైపు తల తిప్పింది.

"ఏమయ్యా, గిన్నె తోమడం కూడా వింతేనా వీళ్ళకి?"

మొగుడు కొండ ఊళ్ళు చూపించే గైడు. పొద్దున్నే ఓ గుంపును వెంటబెట్టుకొచ్చి తిన్నగా తన ఇంట్లోనే దించాడు. ఆమె మాట వాళ్ళకు అర్థం కాదు. వాళ్ళ మాట ఆమెకు అర్థం కాదు. రెండూ వచ్చినవాడు అతనొక్కడే.

"ఏమంటున్నారండీ మీ ఆవిడ?" అని అడిగింది కెమెరా పట్టుకున్నావిడ.

"మీ రాకతో మా గిన్నెలు కూడా మెరిసిపోతున్నాయట" అన్నాడు గైడు.

గుంపంతా "ఆహా" అంది. కిటికీలోంచి మబ్బు తునక ఒకటి లోపలికి వచ్చి మంచం చుట్టూ తచ్చాడుతోంది. ఆ మంచం మీద కళ్ళజోడాయన బూట్లతో సహా కాళ్ళు చాపుకొని కూర్చున్నాడు. లోయ అక్కణ్ణుంచే బాగా కనిపిస్తుందని చెప్పింది గైడే. ఇంకొకాయన గూట్లో డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీసి వాసన చూస్తున్నాడు. మూలనున్న పెట్టె తెరిచి ఓ లావుపాటావిడ అందులోని బట్టలు ఒంటికి చుట్టుకొని మురిసిపోతోంది.

"అవి నా పెళ్ళి బట్టలు!"

ఆమె గిన్నెను నేలకేసి కొట్టింది. అది దొర్లుకుంటూ పోయి మంచం కోడుకు తగిలి ఆగింది.

"ఇదేమిటి?" కళ్ళజోడాయన కాళ్ళు ముడుచుకున్నాడు.

"స్వాగతమండీ. గిన్నె ఎంత దూరం దొర్లితే అతిథి మీద అంత ప్రేమ. ఇది మా కొండ ఆచారం."

అందరూ చప్పట్లు కొట్టారు. డబ్బాలాయన మర్యాదకు మర్యాద చూపించాలనుకున్నాడేమో, పప్పు డబ్బా తీసి ఆమె వైపు దొర్లించాడు. మూత ఊడి పప్పంతా గది నిండా పరుచుకుంది.

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"చూడు. నిన్న వచ్చినవాళ్ళు నేను నిద్రపోతుంటే చుట్టూ నిలబడి చూశారు. మొన్న ఒకావిడ, నేనేదో అడిగినట్టు నా తల దువ్వి జడ వేసింది. ఈ ఇంట్లో నాకంటూ ఓ మూల లేదు. ఇవాళ తేలిపోవాలి. వీళ్ళు బయటికి పోతారా, నన్ను పొమ్మంటావా?"

"కాస్త మెల్లగా అనవే. నవ్వుతూ అను." గైడు తను నవ్వి చూపించాడు. "సాయంత్రానికి వెళ్ళిపోతారు కదా."

"రేపు ఇంకోళ్ళు దిగుతారు కదా."

"దిగితే ఏం? ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా మనింటికే వస్తున్నారంటే మన కిటికీ గొప్పది. ఇలాంటి కిటికీ..."

"అయితే కిటికీతోనే కాపురం చెయ్యి."

కళ్ళజోడాయన ఆసక్తిగా ముందుకు వంగాడు. "మీరిద్దరూ పాడుకుంటున్నారా?"

"అవునండీ. ప్రేమపాట. ఒక చరణం ఆవిడ, ఒక చరణం నేను."

"అబ్బ! ఇంకోసారి పాడమనండి, రికార్డు చేసుకుంటాం."

గైడు పెళ్ళాం వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మళ్ళీ తిట్టమంటున్నారే."

ఆమె తిట్టింది. ఈసారి అతని వంశంలో ఎవరినీ వదల్లేదు. కెమెరా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఎంత ప్రశాంతమైన సంసారం! మా ఊళ్ళో ఎక్కడుంది ఇలాంటి అనురాగం?" అని ఆమె చెయ్యి పట్టుకుంది. చేతికి బూడిద అంటితే, అదే బొట్టనుకొని నుదుటికి రాసుకుంది. అది చూసి మిగతావాళ్ళు కూడా వరసకట్టారు.

ఆమె చెయ్యి లాక్కుంది. ఈసారి అరవలేదు. "ఆఖరిసారి అడుగుతున్నా. వాళ్ళా, నేనా?"

గైడు ఆమెను చూశాడు. గుంపును చూశాడు. గుంపు నుదుట బూడిదతో అతన్నే చూస్తోంది.

"ముందు వీళ్ళకి కాస్త టీ పెట్టు. తరవాత మాట్లాడుకుందాం."

ఆమె చేతులు కడుక్కుంది. లావుపాటావిడ ఒంటి మీంచి పెళ్ళి బట్టలు ఊడదీసి, మడతపెట్టి, మూట కట్టింది. మూట చంకన పెట్టుకొని, పప్పు తొక్కకుండా అడుగులు వేసుకుంటూ గుమ్మం దాటింది. కొండ దిగే బాటలో, మొదటి మలుపులోనే మబ్బు ఆమెను కప్పేసింది.

గైడు గుమ్మం దాకా పరిగెత్తి వెనక్కి వచ్చాడు. ఇంత పని చేస్తుందని అతననుకోలేదు.

"ఇదేం ఆచారమండీ?" అని కెమెరా ఆవిడ మెల్లగా అడిగింది.

అతని చూపు ఇంకా గుమ్మం మీదే ఉంది. కానీ నోరు అలవాటుపడిపోయింది.

"అన్నిటికంటే పెద్ద గౌరవమండీ ఇది. అతిథులు మరీ నచ్చేస్తే, ఇంటివాళ్ళు ఇల్లంతా వాళ్ళకే వదిలేసి వెళ్ళిపోతారు."

"ఎంత గొప్ప మనసు!" అన్నారు అందరూ. కళ్ళజోడాయన బూట్లు విప్పి మంచం కింద సర్దుకున్నాడు. డబ్బాలాయన పొయ్యి మీద నీళ్ళు పెట్టాడు. లావుపాటావిడ చీపురు వెతికి పప్పు ఓ పక్కకు ఊడ్చింది. తరవాత ఎక్కడివాళ్ళక్కడ చేతులు కట్టుకొని, ఎంతో వినయంగా గైడు వైపు చూస్తూ నిలబడ్డారు.

అతనూ వాళ్ళ వైపు చూశాడు.

వాళ్ళు ఇంకా చూస్తూనే ఉన్నారు. కెమెరా ఆవిడ కెమెరాను గుమ్మం వైపు తిప్పి సిద్ధంగా పట్టుకుంది.

గైడు చెప్పులు తొడుక్కొని ఇంట్లోంచి వెళ్ళిపోయాడు.