మంగు పొట్టు

"మంట పుడుతోందా?" కోడలి ముఖం పరీక్షిస్తూ డాక్టరమ్మ అడిగింది.

"ఏ మంటా లేదండీ," అత్తగారు జవాబిచ్చింది. "చలికాలమని బద్ధకించకుండా రోజూ నిమ్మచెక్కతో నేనే రుద్దుతున్నాను. చూడండి, పొట్టు ఎలా లేస్తోందో. ఇంకో వారంలో మంగు కూడా ఊడిపోతుంది."

ఆవిడ గొంతులో పాత సున్నం గీకించిన మేస్త్రీ గర్వం ఉంది. రెండు నెలలుగా నవ్వితే చెంప చిట్లుతోందని కోడలు నవ్వడం మానేసింది. పిల్లకి అణకువ వచ్చిందని ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు.

"ఊడుతున్నది చర్మమండీ. మచ్చ లోపలుంది, రుద్దేకొద్దీ ముదురుతుంది," అంది డాక్టరమ్మ. "ముఖం కడగ్గానే తడి మీదే ఈ క్రీము రాయాలి. చలికాలం ఎండేగా అనుకోకుండా, బయటికెళ్తే సన్‌స్క్రీన్ కూడా."

"నేనే రాస్తాలెండి," అంటూ అత్తగారు చెయ్యి చాచింది.

తన ముఖాన్ని ఎవరిదో సామానులా ఇక్కడిదాకా మోసుకొచ్చిన మనిషిలా కూర్చున్నానని కోడలికి అప్పుడు తోచింది. ట్యూబు తనే అందుకుంది.

"మీకెందుకు శ్రమ అత్తయ్యా," అంది. "ముఖం నా దగ్గరే ఉంటుందిగా."