పంక్చరు కాడ పాఠం

సరిగ్గా కొత్తకోట దాటబోతుంటే సిద్దిరాములు సైకిల్ వెనక చక్రం ఉస్సురుమంది.

పోయేది పెళ్లిచూపులకు. ఇది నాలుగో సంబంధం. మొదటి మూడూ ఇతగాడి నోటి దురుసుకే తప్పిపోయాయి. ఈసారి పిల్ల తరఫువాళ్లు ఆస్తి అడగలేదు, చదువు అడగలేదు. పిల్లగాడు నెమ్మదస్తుడైతే చాలన్నారు. బాపు, మేనమామ పొద్దున్నే బస్సులో ఆ ఊరికి పోయారు. బస్సులో ఇస్త్రీ నలుగుతుందని ఈ మహానుభావుడు సైకిలెక్కాడు.

రోడ్డు పక్కనే సైకిల్ దుకాణం. పెద్దాయన ట్యూబు ఊడదీసి, గాలి కొట్టి, చెంపకు దగ్గరగా పెట్టుకుని మెల్లగా తిప్పుతూ బొక్క కోసం వెతుకుతున్నాడు. అటు లారీ పోయింది, ఇటు దుమ్ము లేచింది. మళ్లీ మొదటికొచ్చాడు.

పక్కనే నిండా నీళ్ల తొట్టి. మీద తడి గోనెసంచి కప్పి ఉంది.

"గా తొట్టిల ముంచరాదే? బుగ్గలొచ్చిన కాడ బొక్క ఉంటది. గింత తెల్వదా?" అన్నాడు సిద్దిరాములు.

"ఇయ్యాల దాంట్ల ముంచేది లేదు బిడ్డా. జర ఆగు."

"ఎందుకు లేదు?"

"లేదంటె లేదు." పెద్దాయన నవ్వి, ఈసారి రెండో చెంప పెట్టాడు.

సిద్దిరాములుకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదోతరగతి లెక్కల్లో తప్పినా లోకానికి లెక్కలు చెప్పడం మానలేదు వాడు. సులువైన దారి ఉండగా గుడ్డిదారి పట్టేవాణ్ణి ఏమంటారో అక్కడే నిలబడి పాఠం చెప్పాడు.

"మోకాట్ల ఉన్నదా నీ మెదడు? నీ అసొంటోనికి పిల్లనెవ్వడిచ్చిండే? వానికి కండ్లు లేవా?"

పెద్దాయన ట్యూబు తిప్పుతూనే ఉన్నాడు. బొక్క దొరికింది. అతుకేసి, చక్రం బిగించి, "పైలంగ పో" అన్నాడు.

పిల్ల ఇంట్లో సిద్దిరాములు నోరు కుట్టేసుకున్నాడు. తల వంచుకుని కూర్చున్నాడు. పిల్ల పేరు అండాలు. ఆమె మంచినీళ్లిచ్చి చిన్నగా నవ్వేసరికి గుండె జల్లుమంది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలి!

పిల్ల మేనత్త నాగులమ్మ మురిసిపోయింది. "అబ్బ, ఎంత నెమ్మదస్తుడు! మా తమ్ముడొచ్చి ఒక్క మాట అంటే ఖాయమే."

అంతలో, చెంపలకింకా ట్యూబు నలుపుతో, కాబోయే అల్లుడి కోసం పొద్దుటినుంచీ పంక్చరు తొట్టిలో ప్రాణంతో కాపాడుకొచ్చిన కొర్రమీను చేతబట్టుకుని, పిల్ల తండ్రి లోపలికొచ్చాడు.