పీపా నింపిన రోజు

“కదపకు. అడుగున మడ్డి లేస్తుంది,” అన్నాడు రూబెన్.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. బతుకంతా బ్రూవరీ నేలమాళిగలో పీపాల మధ్య గడిపినవాడు సీసా వంచడం ఇంకొకరికి అప్పగిస్తాడా? నిన్ననే దాన్ని అరలోంచి తీసి నిలబెట్టి ఉంచాడు. మెడ మీది ఎర్ర మైనాన్ని చాకుతో గీకి, మెల్లగా బిరడా లాగాడు. 

పేరుకే అది బార్లీ వైన్. నిజానికి బీరే. కాకపోతే మామూలు బీరు మూడు గ్లాసులు తాగి నిలబడ్డవాణ్ణి ఇది ఒక్క గ్లాసుతో కూల్చేస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ముదిరి, నెమ్మదిస్తుంది. రూబెన్ తన చేత్తో కాచినదాంట్లో మిగిలిన ఆఖరి సీసా ఇది. మంచి రోజు కోసం దాచాడు. ఆ మంచి రోజు ఇక రాదని తేలిపోయింది కాబట్టి ఇవాళ తీశాడు.

తలుపు పక్కన పెట్టె సర్ది ఉంది. రేపు పొద్దున మతిమరుపు ముదిరినవాళ్ళని చూసుకునే హోమ్ నుంచి బండి వస్తుంది. కట్టుకున్న విన్నీని పంపించి, ఈ ఇంట్లో తనొక్కడూ గోడలు చూస్తూ కూర్చోవాలి. పొద్దున పెట్టె మూత ఎత్తితే పైనే అతని మఫ్లరు కనబడింది. పిచ్చిది, తోడుగా ఉంటుందని తీసుకెళ్తోంది కాబోలు. అతను దాన్ని మడిచి మళ్ళీ పైనే పెట్టాడు.

డాక్టరు పోయిన వారమే ఆశలు పెట్టుకోవద్దన్నాడు. ఒక్కోసారి పాత రుచో పాత వాసనో తగిలితే జ్ఞాపకం కదులుతుందని మాత్రం ఒక మాట అన్నాడు. రోగి ఏం చెప్పినా ఎదురు చెప్పొద్దనీ అన్నాడు. అప్పటినుంచీ ఇద్దరూ ఒకరి మాటకొకరు తలూపుకుంటూ వారం నెట్టుకొచ్చారు.

అందుకే ఈ సీసా. ఆమెకు ఒక్క సంగతి, ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా గుర్తొస్తే చాలు, రేపు బండిని గుమ్మంలోంచే తిప్పి పంపేస్తాడు.

రెండు చిన్న గ్లాసుల్లో పోశాడు. దాదాపు నలుపు, కిటికీ వెలుగుకి పెడితే అంచున ఎరుపు. పక్కన నీలి చారల చీజ్ కోసి పెట్టాడు.

“ముందు వాసన చూడు. తొందరేం లేదు.”

ఆమె కళ్ళు మూసుకుని చూసింది. ఎండు ద్రాక్ష అంది. కాస్త ఆగి, మాడిన పంచదార అంది. రూబెన్ ఒక గుక్క తీసుకున్నాడు. ముందు తీపి నాలుకంతా పరుచుకుంది, వెనకే చేదు వచ్చింది, చివరికి వెచ్చగా గొంతు దిగింది. ఇన్నేళ్ళయినా బీరు చావలేదు. బీరు నిలిచింది గానీ మనిషి నిలవలేదనుకునేసరికి అతని కళ్ళు మండాయి.

జబ్బు ఆమె బుర్రనే తిన్నది, మొహం జోలికి పోలేదు. ఈ వయసులో ఆ జుట్టేమిటి, ఆ చేతుల నునుపేమిటి. దేవుడికి తీసుకోవడం కూడా సరిగ్గా చేతకాదు.

“దీన్ని ఐదేళ్ళు పీపాలోనే ఉంచాను. పులియబెట్టే ఈస్టు నిద్రపోకుండా ప్రతి ఆదివారం బ్రూవరీ వాకిట్లో దొర్లించేవాణ్ణి. గుర్తుందా?”

“పక్కన నేనూ వచ్చేదాన్ని,” అంది ఆమె. “ఎర్ర బూట్లు వేసుకుని.”

రూబెన్ ముందుకి వంగాడు. నిజమే, ఎర్ర బూట్లు. పీపా మీద ఒక చెయ్యి వేసి, అంతా తానే తోస్తున్నట్టు పోజు కొట్టేది. పనివాళ్ళంతా చేతిలో పని ఆపి నవ్వేవాళ్ళు.

“ఇంకా?”

“మీరు పాడేవారు. ఘోరంగా పాడేవారు.”

అతను పగలబడి నవ్వాడు. అలా నవ్వి ఎన్ని నెలలైందో. వస్తోంది, మనిషి తిరిగి వచ్చేస్తోంది అనిపించింది. ఆ ఆశలోనే తొందరపడ్డాడు.

“మరి మన పెళ్ళి? చర్చి మెట్ల మీద నీ ముసుగు గాలికి ఎగిరిపోతే నేను వీధి చివరిదాకా పరిగెత్తలేదూ?”

ఆమె గ్లాసు కింద పెట్టింది. “అది నాకెలా గుర్తుంటుంది?”

అంతే. చేతికందినట్టే అంది జారిపోయింది. రూబెన్‌కి ఏడుపొచ్చింది. అయినా వదలబుద్ధి కాలేదు. తనే చెప్పుకుపోయాడు. ఆ పెళ్ళి రోజునే దీన్ని కాచానన్నాడు.

“పెళ్ళి రోజున కూడా పనికి వెళ్ళారా?” అంది ఆమె నెమ్మదిగా.

వెళ్ళానని చెప్పాడు. మంచు కురుస్తుంటే పరుగున వెళ్ళాడు. పనివాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి చెయ్యి కలిపారు. బ్రూవరీ యజమాని పెద్దాయన ఖరీదైన బార్లీ మాల్టు బస్తాలు విప్పించి, చిక్కటి మొదటి రసం ఒక్కటే వాడమన్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళు నిండేదాకా నిలవాలి కదా రూబెన్ అంటూ భుజం తట్టాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి విన్నీ అలిసిపోయి నిద్రపోతోంది.

“ఇరవై ఒకటే ఎందుకన్నారు? పిల్లలు పెద్దవాళ్ళయ్యే వయసనా?”

 ఎందుకో రూబెన్‌కి తట్టలేదు. పెళ్ళి ముచ్చటకి అన్న మాటేమో. సీసాలో మిగిలింది మడ్డి కలిసి మసగ్గా ఉంది. అయినా ఆమె గ్లాసులోకే వంచాడు.

“విన్నీ, ఇంకేం అడగను. ఈ పీపా ఏ రోజున నింపాను? ఇప్పుడేగా చెప్పాను, ఆ ఒక్కటి చెప్పు. రేపు నిన్ను ఎవరు తీసుకుపోతారో నేనూ చూస్తాను.”

ఆమె గ్లాసు పక్కకి జరిపింది. లేచి వచ్చి, అతని కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అతని రెండు చేతులూ పట్టుకుంది.

“ఆ పీపా నింపింది నేను పుట్టిన రోజున, నాన్నా.”