లెక్కకు రాని శ్రోత

"మీ కంప్యూటరులో మా కార్యక్రమాలు రావు మామ్మగారూ. అది లినక్సు."

"లినక్సని నాకూ తెలుసు బాబూ. ఎక్కించింది నేనేగా!"

ప్రభుత్వ రేడియో వెబ్‌సైటు విభాగం ఇన్‌చార్జి అప్పుడు తలెత్తి చూశాడు.

మెడలో కొలతల టేపు తియ్యడం మరిచిపోయి వచ్చినట్టుంది ఆ దర్జీ మామ్మ. ఆయన బల్ల మీద ఒక పాత లాప్‌టాప్ తెరిచి పెట్టింది. దాని విరిగిన మూలకి గళ్ళ గుడ్డ అంటించి ఉంది.

"ఎవరో పారేస్తుంటే తెచ్చుకున్నా. లోపలి విండోస్ మొరాయిస్తోంటే, ఊరికే దొరుకుతుంది కదా అని దాని బదులు ఈ లినక్సు వేశా. పాత కోటుకి కొత్త లైనింగు వేసినట్టే. అన్నీ చక్కగా వస్తాయి. మీ రేడియో దగ్గరికొచ్చేసరికే 'మీ కంప్యూటరు తగినది కాదు' అంటుంది. దానికెంత నామోషీ!"

"ఫిర్యాదుంటే మా వెబ్‌సైటులో ఫారం నింపండి."

"ఆ ఫారమూ తెరుచుకోదు."

ఇన్‌చార్జికి నవ్వొచ్చింది. దగ్గుతో కప్పేశాడు.

"ఇంతకీ మీరేం వినాలి?"

"పాతికేళ్ళ కిందట డాక్టరమ్మ సీరియల్ వచ్చేది చూడు, అది. ఆ కాంపౌండరు పెళ్ళి మాట ఎత్తేదాకా విన్నా. ఆఖరి రోజు మా వీధిలో కరెంటు పోయింది. ఆవిడ ఏమందో ఇప్పటికీ తెలీదు."

"ఆవిడ..."

"చెప్పావంటే ఊరుకోను!" మామ్మ రెండు చెవులూ మూసుకుంది.

ఇన్‌చార్జికి జాలేసింది. "పోనీ, ఆ ఒక్క భాగం సీడీలో వేసిస్తాను. తీసుకెళ్ళండి."

మామ్మ మొహం వెలిగింది. ఒక్క క్షణం నిజంగానే ఆశపడింది. తర్వాత సంచిలోంచి కాగితాల కట్ట తీసింది.

"మరి వీళ్ళందరి సంగతో? నాతో కలిపి నాలుగు వందల పన్నెండు సంతకాలు. అందరం లినక్సు వాళ్ళమే. బస్సు డ్రైవరున్నాడు, కళ్ళజోళ్ళ షాపాయనున్నాడు, లైబ్రరీకొచ్చే వాళ్ళున్నారు. ఈ రేడియో నడిచేది మా అందరి పన్నులతోనేగా?"

"మా లెక్క ప్రకారం లినక్సు శ్రోతలు సున్నా మామ్మగారూ."

"ఆ లెక్క ఎలా తీస్తారు?"

"కార్యక్రమం మొదలవగానే ఒక అంకె పడుతుంది."

"మాకు మొదలే కాదుగా! తలుపుకి తాళం మీరే వేసి, ఎవరూ రాలేదని మీరే రాసుకుంటున్నారన్నమాట."

పక్క బల్ల దగ్గర టెక్నీషియనమ్మాయి కిసుక్కున నవ్వింది.

ఇంతలో ఫోను మోగింది. అవతల డైరెక్టరు.

"ఆయన దొరికాడా?"

"ఇంకా లేదు సార్. వెతుకుతూనే ఉన్నాం సార్. ఆదివారంలోగా పట్టుకుంటాం సార్."

ఫోను పెట్టేసరికి ఆయన చొక్కాకి వేలాడుతున్న గుండీ గట్టిగా కుట్టేసి ఉంది. మామ్మ సూదిని పర్సులో పెట్టుకుంటోంది.

"పడిపోయేలా ఉంటే చూస్తూ ఊరుకోలేను బాబూ. వస్తా. కాగితాలు మాత్రం చదువు."

ఆయన చదవలేదు. కాగితాలు సొరుగులోకి వెళ్ళాయి.

పాపం, ఆయన తొందర ఆయనది. ఆ డాక్టరమ్మ సీరియల్‌ని వెనకటికి రేడియో వాళ్ళే పొదుపు కోసం చెరిపేసి, అవే టేపుల మీద వేరే కార్యక్రమాలు రికార్డు చేసుకున్నారు. బీరువాలో ఆఖరి భాగం ఒక్కటే మిగిలింది. పోయిందని తెలిసి నెత్తీనోరూ కొట్టుకుంటుంటే, నిరుడు పోస్టులో నాలుగు బిస్కెట్ డబ్బాలొచ్చాయి. వాటి నిండా నూటమూడు కేసెట్లు. 'మీ దగ్గర లేవని విన్నాను. ఉంచుకోండి' అని చీటీ. పేరు లేదు, ఊరు లేదు.

ప్రతి కేసెట్‌లోనూ మాటల వెనక ఒకటే టకటక. సౌండ్ ఇంజనీరు రెండు నెలలు కూర్చుని దాన్ని తుడిచేశాడు. రైలు పట్టాల పక్కన ఉండే ఎవరో పెద్దమనిషి రికార్డు చేశాడని ఆయనే తేల్చాడు. దాంతో పట్టాల పక్క ఇళ్ళన్నీ గాలించారు. 'ఓ మహానుభావా, ఎక్కడున్నారు?' అంటూ వెబ్‌సైటులో ఆ సీరియల్ పక్కనే ఒక వీడియో కూడా పెట్టారు.

ఎవరూ రాలేదు.

సీరియల్ తిరిగి దొరికినందుకు ఆదివారం తలపెట్టిన ఉత్సవం ఘనంగా జరిగింది. ముందు వరసలో ఆ మహానుభావుడి కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. డైరెక్టరు గద్గదంగా మాట్లాడి, జ్ఞాపికని ఆ కుర్చీలోనే పెట్టాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

సోమవారం టెక్నీషియనమ్మాయి ఇన్‌చార్జి దగ్గరికొచ్చింది.

"సార్, ఆ మామ్మగారి మాట నిజమే. ఫలానా కంప్యూటర్లని రానివ్వద్దని మన వెబ్‌సైటు ప్రోగ్రాములో ఎప్పుడో ఎవరో రాసిన లైను ఒకటుంది. అది తీసేస్తే అందరికీ వస్తుంది, ఫారంతో సహా."

"అంతేనా?"

"అంతే సార్. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు."

"అడిగారమ్మా. మనకి వినపడలేదు." ఇన్‌చార్జి చొక్కా గుండీ తడుముకున్నాడు. సిగ్గేసింది. "తీసెయ్."

గంటలో సున్నా కాస్తా పదిహేడైంది. సాయంత్రానికి నాలుగు వందల పదకొండు. ఇద్దరూ క్రికెట్ స్కోరు చూసినట్టు చూస్తూ కూర్చున్నారు.

"ఇంకొక్కరు రావాలి సార్!"

మర్నాడు పొద్దున్నకి ఆ ఒక్కరూ వచ్చారు. ఫారంలో లినక్సు వాళ్ళ మొట్టమొదటి ఫిర్యాదూ వచ్చింది. ఇన్‌చార్జి దాన్ని హుషారుగా పైకి చదవడం మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు:

"డాక్టరమ్మ ఒప్పుకుంది, చాలా సంతోషం బాబూ, కానీ ఆ ముందు నూటమూడు భాగాల్లో నా కుట్టుమిషను చప్పుడు ఎందుకు తీసేశారు?"